కొత్త ఊళ్లో మంచి తిండి ఎక్కడ దొరుకుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

పని మీదో, శుభకార్యానికో, ఊరు చూద్దామనో ఒక చిన్న నగరానికి వెళ్తాం. రెండు మూడు రోజులుంటాం. దిగిన చోటికి ఎదురుగా ఉన్న హోటల్లోనే అన్ని పూటలూ కానిచ్చేసి, ‘ఈ ఊళ్లో తిండి బాగోదు’ అనుకుంటూ బండెక్కేస్తాం. ఆ ఊరివాళ్లు ఇష్టంగా తినే చోటు రెండు సందుల అవతలే ఉంటుంది, మనకి తెలియదంతే. అలాంటి చోట్లు వెతుక్కోవడం గురించి నన్ను చాలామంది అడిగే ప్రశ్నలు, వాటికి నా జవాబులు ఇవి.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక్క సంగతి ఆలోచించండి. ఆ హోటల్ ఎవరి మీద ఆధారపడి నడుస్తోంది? మిగతా జవాబులన్నీ ఈ ఒక్క ప్రశ్నలోంచే వస్తాయి.

చిన్న ఊళ్లో జనం తక్కువ. ఊరివాళ్లే దిక్కుగా నడిచే హోటల్‌కి తిన్నవాళ్లే మళ్లీ మళ్లీ రావాలి. ఒకరోజు నిన్నటిది వేడిచేసి పెడితే ఆ మాట సాయంత్రానికల్లా బజారంతా పాకుతుంది. అందుకని వంటమనిషికి రోజూ భయం ఉంటుంది, ఆ భయం మనకి మంచిది. స్టేషన్ ఎదురుగానో, అందరూ చూడటానికి వచ్చే స్థలం గేటు పక్కనో ఉన్న హోటల్ సంగతి వేరు. ఇవాళ తిన్న మనిషి రేపు ఇంకో ఊళ్లో ఉంటాడు. అతనికి నచ్చినా నచ్చకపోయినా రేపటి బండికి మరొకరు ఆకలితో దిగుతారు. పైగా అలాంటి చోట అద్దెలు ఎక్కువ, ఆ అద్దె కూడా మన కంచంలోంచే రావాలి.

స్టేషన్ దగ్గరున్నవన్నీ చెడ్డవని దీని అర్థం కాదు. అక్కడే సామాన్లు మోసేవాళ్లు, డ్రైవర్లు, స్టేషన్ ఉద్యోగులు రోజూ తినే చోటు ఒకటి ఉంటుంది. అది మెయిన్ గేటు వైపు ఉండదు, పక్క దారిలో ఉంటుంది. ఆ చోటు దొరికితే కళ్లు మూసుకుని వెళ్లండి.

కాబట్టి మొదటి పూట నేను చేసే పని, పెద్ద రోడ్డు వదిలి రెండు వీధులు లోపలికి నడవడం. కోర్టు, పెద్దాసుపత్రి, కాలేజీ, కూరగాయల మార్కెట్, ప్రభుత్వ ఆఫీసులు ఎక్కడున్నాయో చూసుకుని ఆ చుట్టుపక్కల తిరుగుతాను. అక్కడ పనిచేసేవాళ్లకి మధ్యాహ్నం తిండికి దొరికేది కాస్త సమయమే. ఆ కాస్తలో వేడిగా, జేబుకి భారం కాకుండా, రోజూ తినగలిగేలా ఉండాలి. ఆ మూడింట్లో ఒకటి తప్పినా అలాంటి చోట హోటల్ నిలవదు.

ఎవర్ని అడిగితే సరైన సమాధానం వస్తుంది?

బయట తినక తప్పనివాళ్లని. డ్యూటీలో ఉండే నర్సు, బ్యాంకు గుమాస్తా, మందుల షాపులో కుర్రాడు, ఇనప సామాన్ల కొట్లో తూకం వేసే మనిషి, కొరియర్ బండి మీద తిరిగే అబ్బాయి. వీళ్లకి ఊళ్లో ప్రతి హోటలూ తెలుసు, ఏ వేళకి ఎక్కడ ఏది బాగుంటుందో కూడా తెలుసు.

లాడ్జి కౌంటర్లో ఉన్నవాళ్లని అడగడం తప్పేం కాదు, కానీ వాళ్ల ఇబ్బంది వేరు. తాము చెప్పిన చోట మీకు తేడా వస్తే మళ్లీ వాళ్ల దగ్గరికే వచ్చి గొడవపడతారు. అందుకని ఏ గొడవా రాని చోటు చెప్తారు. అది శుభ్రంగా ఉంటుంది, ఏసీ ఉంటుంది, రుచి మాత్రం ఏ ఊళ్లోనైనా ఒకేలా ఉంటుంది. రాత్రి కాపలా ఉండే మనిషినో, గదులు శుభ్రం చేసే ఆమెనో అడిగి చూడండి, సమాధానం వేరుగా వస్తుంది. కొన్నిచోట్ల అద్దె బండ్లు తోలేవాళ్లకి హోటళ్ల నుంచి కమీషన్ ముడుతుంది. డ్రైవర్ మనం అడక్కుండానే ఒక పేరు చెప్పి, అక్కడికే తీసుకెళ్తానని పట్టుబడితే దాటవేయండి. అదే డ్రైవర్‌ని ‘మీరెక్కడ తింటారు’ అని అడిగితే మాత్రం వినాల్సిన మాటే చెప్తాడు.

ఎలా అడగాలి? అడిగితే అందరూ ఒకే పెద్ద హోటల్ పేరు చెప్తున్నారు.

అది అడిగే తీరులో ఉంది. ‘ఇక్కడ మంచి హోటల్ ఏది?’ అనగానే ఎదుటి మనిషి మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. బట్టలు, చేతిలో బ్యాగు చూసి, ‘ఈయనకి ఏది తగినట్టుంటుంది’ అని ఆలోచిస్తాడు. మర్యాద కొద్దీ ఊళ్లో ఖరీదైన చోటు చెప్తాడు. తను అక్కడ ఎప్పుడూ తిని ఉండకపోవచ్చు కూడా.

మందుల షాపులో ఏదో మాత్ర కొనుక్కుంటూ ఇలా అడగండి:

‘అన్నా, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోని రోజు మీరెక్కడ తింటారు?’

‘నేనా? నేను ఆ వెనక సందులో తినేస్తాను. మీకు బాగుంటుందో లేదో మరి.’

‘ఏం, తిండి బాగోదా?’

‘తిండికేం, బ్రహ్మాండంగా ఉంటుంది. కూర్చోడానికే కాస్త ఇరుకు. ఒంటిగంటన్నర దాటితే ఏమీ మిగలదు.’

ఈ నాలుగు మాటల్లో మీకు కావలసినవన్నీ ఉన్నాయి. ‘మీకు బాగుంటుందో లేదో’ అన్నాడంటే తను నిజంగా తినే చోటే చెప్తున్నాడు. లోపం తిండిలో లేదు, కుర్చీల్లో ఉంది. త్వరగా అయిపోతుందంటే ఏ రోజుది ఆ రోజే వండుతున్నారు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒక వంటకం పేరు పట్టుకుని అడగడం. ‘మంచి హోటల్ ఏది’ అంటే తడుముకునే మనిషి, ‘ఈ ఊళ్లో ఫలానాది ఎవరు బాగా చేస్తారు’ అంటే వెంటనే అందుకుంటాడు. పక్కనున్నవాడు కాదంటాడు. ఇద్దరూ వాదించుకుంటారు. వాళ్ల వాదనలో వినపడిన రెండు పేర్లూ రాసుకోండి, రెండూ మంచివే అయ్యుంటాయి. మనిషి తనకి పట్టింపు లేని తిండి గురించి దారినపోయేవాళ్ల ముందు వాదించడు.

మ్యాప్‌లో కనపడే రేటింగుల్ని నమ్మవచ్చా?

చూడాలి, కానీ చూసే పద్ధతి తెలియాలి. చిన్న నగరంలో పెద్ద చిక్కు ఏమిటంటే రివ్యూలు రాసేవాళ్లు తక్కువ. పది మంది ఐదేసి నక్షత్రాలిచ్చిన హోటల్‌కి ఒక్కరు వచ్చి ఒక నక్షత్రం ఇస్తే సగటు 5 నుంచి 4.6కి పడిపోతుంది. ఆ ఒక్కరూ పార్కింగ్ దగ్గర గొడవపడి వచ్చిన మనిషి కావచ్చు. అదే ఐదువందల రివ్యూలున్న చోట ఒకరి కోపం అంకెని కదపలేదు. అందుకే పదకొండు మంది ఇచ్చిన 4.8 కంటే ఎనిమిది వందల మంది ఇచ్చిన 4.2కే నేను విలువిస్తాను.

డబ్బు సంగతి కూడా మరిచిపోకూడదు. అమెరికాలోని సియాటిల్ హోటళ్ల లెక్కలు తీసి 2011లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు మైకేల్ లూకా ఒక పరిశోధన వెలువరించారు. జనం హోటళ్ల మీద రివ్యూలు రాసే యెల్ప్ అనే వెబ్‌సైట్‌లో ఒక నక్షత్రం పెరిగితే హోటల్ ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని తేల్చారు. ఆ ప్రభావం ఒకే పేరుతో చాలా శాఖలు నడిపే పెద్ద సంస్థల మీద కనపడలేదు, సొంతంగా నడిచే హోటళ్ల మీదే కనపడింది. అంత లాభం ఉన్నప్పుడు దొంగ రివ్యూలు పుట్టకుండా ఉంటాయా? అదే లూకా, జార్జియోస్ జెర్వాస్‌తో కలిసి 2016లో ప్రచురించిన మరో పరిశోధన ప్రకారం, బోస్టన్ హోటళ్లకి వచ్చిన రివ్యూల్లో దాదాపు 16 శాతాన్ని యెల్ప్ అనుమానాస్పదమని పక్కన పెట్టింది. ఇక 2017లో లండన్‌లో ఒక రచయిత తన పెరట్లోని షెడ్డుకి హోటల్ అని పేరు పెట్టి, స్నేహితుల చేత కట్టుకథల రివ్యూలు రాయించాడు. అక్కడ ఎవరికీ ఒక్క ముద్ద కూడా పెట్టకుండానే అది ట్రిప్‌అడ్వైజర్ అనే మరో రివ్యూల వెబ్‌సైట్‌లో లండన్ హోటళ్లన్నింటిలో మొదటి స్థానానికి చేరింది. లండన్ అంతటి చోటే అలా జరిగితే, ఇరవై రివ్యూలతో మొదటి స్థానం దక్కే ఊళ్లో ఎంత సులువో ఊహించుకోండి.

కాబట్టి నక్షత్రాలు వదిలి మాటలు చదవండి. ‘సూపర్, అద్భుతం, ఫ్యామిలీతో తప్పక వెళ్లాలి’ అన్న రివ్యూలో ఏమీ లేదు. దాన్ని ఏ ఊళ్లో ఏ హోటల్ కిందైనా పెట్టొచ్చు. ‘మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్తే సగం ఐటమ్స్ అయిపోయాయి. ఉన్నవి పొయ్యి మీంచి దించినట్టే వేడిగా పెట్టారు. చేతులు కడుక్కునే చోట సబ్బు లేదు’ అని రాసిన మనిషి నిజంగా వెళ్లాడు. అతను మూడు నక్షత్రాలే ఇచ్చి ఉండొచ్చు, అయినా నేను తొమ్మిదింటికల్లా, చేతులు కడుక్కునే ఏర్పాటు చూసుకుని అక్కడికే వెళ్తాను.

మరికొన్ని చూసుకోవలసినవి: రివ్యూల్ని కొత్తవి ముందొచ్చేలా పెట్టుకోండి. చిన్న హోటల్లో వంటమనిషి మారితే రుచి మొత్తం మారిపోతుంది, రెండేళ్ల కిందటి పొగడ్త మరొకరి చేతివంటకి చెందినది కావచ్చు. యజమాని పెట్టిన ఫొటోలు కాకుండా తిన్నవాళ్లు తీసినవి చూడండి. కంచం, బల్ల, వెనక గోడ కనపడే ఫొటో చాలా చెప్తుంది. రివ్యూ రాసిన వ్యక్తి పేరు నొక్కితే ఇంకేం రాశాడో తెలుస్తుంది. అదే ఊళ్లోని చెప్పుల షాపు, బ్యాంకు, పంటి డాక్టరు గురించి కూడా రాసి ఉంటే ఊరి మనిషే. ఒకే రోజున నాలుగు దూరపు ఊళ్లలో ఐదేసి నక్షత్రాలిచ్చినవాడైతే వదిలేయండి.

వెతికేటప్పుడు ఏ భాషలో వెతకాలి?

ఆ ఊరి భాషలో, ఆ ఊరి లిపిలో. మనం ఇంగ్లీషులో వెతికితే ఇంగ్లీషు బోర్డు పెట్టుకున్నవే ముందొస్తాయి. ఫోన్లోని అనువాదం యాప్‌తో ‘భోజనం’, ‘అల్పాహారం’ లాంటి మాటల్ని స్థానిక లిపిలోకి మార్చి వెతకండి. అంతకుముందు కనపడని పేర్లు బయటికొస్తాయి. వంటకం పేరుతో వెతికితే ఇంకా మంచిది.

మ్యాప్‌లో అసలు లేని చోట్లు ఎలా దొరుకుతాయి?

నడిస్తే దొరుకుతాయి. పొద్దున్నే, ఊరు ఇంకా పూర్తిగా తెరుచుకోకముందు ఒక గంట నడవండి. పొగ ఎక్కడ లేస్తోంది, కూరగాయల బస్తాలు ఎక్కడ దింపుతున్నారు, ఎవరు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు అన్నవి చూడండి. ఇంటి నుంచి గిన్నె తెచ్చి పట్టుకెళ్తున్నారంటే దానికి మించిన సిఫార్సు లేదు. తన ఇంట్లో పిల్లలకి పెట్టడానికి కొంటున్న మనిషి అది.

మధ్యాహ్నమైతే బయట ఆగిన బండ్లు చూడండి. సైకిళ్లు, మోపెడ్లు, ఆఫీసు జీపు, ఖరీదైన కారు, అన్నీ ఒకే గుమ్మం ముందు ఆగి ఉంటే, వేరు వేరు జేబులవాళ్లు ఒకే రుచి కోసం వచ్చారన్నమాట. నాకు ఇంతవరకు తెలిసిన గుర్తుల్లో ఎక్కువసార్లు నిజమైనది ఇదే.

జనం కిక్కిరిసి ఉంటే మంచి హోటలేనా?

చాలాసార్లు అవును. ప్రతిసారీ కాదు. ఎందుకు కాదో 1992లోనే ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ ఒక పరిశోధనా పత్రంలో హోటళ్ల ఉదాహరణతోనే చూపించారు. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఒకరు ఆయన. పక్కపక్కన రెండు హోటళ్లు. మొదటిది కాస్త మెరుగని లోకంలో చిన్న అభిప్రాయం ఉంది, 51కి 49 అన్నంత తేడా. వంద మంది వస్తున్నారు. వాళ్లలో తొంభై తొమ్మిది మందికి రెండోదే బాగుంటుందని విడివిడిగా సమాచారం అందింది. మొదటిది బాగుంటుందని విన్న ఆ ఒక్క మనిషీ అందరికంటే ముందొచ్చి అందులోకి వెళ్లాడు. వెనకొచ్చినవాడు అది చూసి, తను విన్నది పక్కన పెట్టి మొదటిదాంట్లోకే నడిచాడు. తర్వాతివాళ్లూ అంతే. చివరికి ఒకటి కిటకిటలాడింది, నిజానికి మెరుగైనది ఖాళీగా ఉండిపోయింది. అందులో ఎవరూ తెలివితక్కువవాళ్లు కాదు. ముందున్న వ్యక్తికి మనకంటే ఎక్కువ తెలుసని అనుకోవడమే కారణం.

అందుకని గుంపు ఉందా అని కాదు, గుంపులో ఎవరున్నారో చూడాలి. అందరి చేతుల్లో బ్యాగులు, ఫొటోలు తీసుకునే ఫోన్లు ఉంటే అది ఒకర్ని చూసి ఒకరు చేరిన గుంపు. అక్కడ ఎవరికీ ముందు తెలియదు. అదే మెనూ అడగకుండా కూర్చోగానే ‘ఎప్పటిదే’ అనేవాళ్లు, సర్వర్‌ని పేరు పెట్టి పిలిచేవాళ్లు కనపడితే వాళ్లు ఒకర్ని చూసి ఇంకొకరు వచ్చినవాళ్లు కాదు. ఎవరికి వాళ్లు చాలాసార్లు తిని వచ్చినవాళ్లు. అలాంటివాళ్లు ఐదుగురు కూర్చున్నా నాకు చాలు.

ఎదుటి పేవ్‌మెంటు మీద పది నిమిషాలు నిలబడండి. లోపలికి వెళ్లేవాళ్లని కాదు, బయటికొచ్చేవాళ్లని గమనించండి. బల్లల మీంచి తిరిగెళ్తున్న కంచాల్లో ఏం మిగిలిందో కనపడితే మరీ మంచిది. అందరూ ఒకే పదార్థాన్ని వదిలేస్తుంటే దాన్ని మీరు ఆర్డర్ చేయకండి.

ఏ వేళకి వెళ్లాలి?

ఊరివాళ్లు తినే వేళకి. చిన్న నగరాల్లో వంట ఒక విడత అవుతుంది, అది అయిపోతే పొయ్యి ఆరిపోతుంది. మధ్యాహ్నం భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య చాలా హోటళ్లు తలుపులు వేసేస్తాయి. రాత్రిళ్లు కూడా పెద్ద నగరంలోలా ఆలస్యంగా వెళ్తే కుర్చీలు బల్లలెక్కి ఉంటాయి. వారంలో ఏ రోజు సెలవో మ్యాప్‌లో ఉన్నది నిజం కాకపోవచ్చు, ఫోన్ చేసి కనుక్కోండి. పండగలప్పుడు, ఎన్నికలప్పుడు, స్థానికంగా సంత జరిగే రోజున వేళలన్నీ మారతాయి.

గూగుల్ మ్యాప్స్‌లో 2015 నుంచి, ఏ గంటకి ఎంత రద్దీ ఉంటుందో చూపే పట్టీ ఉంటోంది. దాన్ని హోటల్‌ని ఎంచుకోవడానికి కాక, వేళ ఎంచుకోవడానికి వాడండి. రద్దీ మొదలయ్యే గంటకి ఓ పావుగంట ముందు చేరితే అన్నీ అప్పుడే దించి ఉంటాయి, కూర్చోడానికీ చోటుంటుంది.

లోపలికి వెళ్లాక ఏం గమనించాలి?

మెనూ ఎంత పొడవుందో చూడండి. చిన్న హోటల్ మెనూలో నాలుగు దేశాల వంటలు, నూటయాభై ఐటమ్స్ ఉంటే అన్నీ తాజాగా చేయడం సాధ్యం కాదు. చాలావరకు ఫ్రీజర్‌లోంచి వస్తాయి, లేదా ఒకే గ్రేవీ పది పేర్లతో వస్తుంది. గోడ మీద బోర్డు రాసి, అయిపోయినవాటిని కొట్టేస్తున్నారంటే ధైర్యంగా కూర్చోండి.

శుభ్రత విషయంలో గోడల రంగు వదిలేయండి. పాత గోడ, అరిగిన బల్ల చెడ్డ గుర్తులు కావు. చూడవలసింది చేతులు. డబ్బు తీసుకునే చెయ్యీ వడ్డించే చెయ్యీ ఒకటేనా? చేతులు కడిగే చోట నీళ్లు, సబ్బు ఉన్నాయా? బల్ల తుడిచే గుడ్డతోనే కంచాలూ తుడుస్తున్నారా? పచ్చి మాంసం కోసిన పలక మీదే వండినవి పెడుతున్నారా? ఈ చివరి రెండూ కంటపడితే నేను ఆకలితోనే లేచి వచ్చేస్తాను. ‘ఒక ఫోన్ వచ్చింది, మళ్లీ వస్తాను’ అంటే సరిపోతుంది.

కడుపు పాడవకుండా ఎలా?

వేడి ముఖ్యం. వండిన తిండిని మామూలు వేడిమిలో రెండు గంటలకి మించి ఉంచవద్దని, వడ్డించేదాకా 60 డిగ్రీల సెల్సియస్‌కి పైన ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. లోపలిదాకా 70 డిగ్రీలు తాకేలా వండితే ప్రమాదకరమైనవి దాదాపు అన్నీ చస్తాయి. మన దగ్గర థర్మామీటర్ ఉండదు కాబట్టి లెక్క ఇలా వేసుకోవాలి: పొగలు కక్కుతూ ఉందా, లేక చల్లగా ఫ్రిజ్‌లోంచి వచ్చిందా? గోరువెచ్చగా ఉన్నదే అనుమానించాల్సింది. అందుకే పొద్దుటి నుంచి వరసగా గిన్నెల్లో పెట్టి ఉంచిన పెద్ద హోటల్ బఫే కంటే, మన కళ్ల ముందే పెనం మీంచి తీసిచ్చే రోడ్డు పక్క బండి చాలాసార్లు క్షేమం. పెద్ద హోటల్ అన్న ధైర్యంతో గోరువెచ్చటి తిండి తినకండి.

మళ్లీ వేడిచేస్తే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. స్టెఫిలోకాకస్ లాంటి కొన్ని బ్యాక్టీరియా వదిలిన విషం మరిగించినా పోదు. నీళ్ల మీద అనుమానం ఉంటే సీలున్న సీసా తీసుకోండి, సీలు మీ చేత్తో విప్పండి. ఐసు ఏ నీళ్లతో చేశారో అడగండి. తొక్క తీసి తినే పండు ముందే కోసి పెట్టిన ముక్కల కంటే మేలు. తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ మీద శానిటైజర్ సబ్బంత బాగా పనిచేయదు.

కడుపు నొప్పి వస్తే చివరగా తిన్న హోటల్‌నే అందరం తిట్టుకుంటాం. స్టెఫిలోకాకస్ అయితే అరగంట నుంచి ఎనిమిది గంటల్లో బయటపడుతుంది, నోరోవైరస్ 12 నుంచి 48 గంటలు తీసుకుంటుంది, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకి ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పట్టొచ్చు. అంటే కారణం మొన్నటి భోజనం కావచ్చు, బయల్దేరేముందు ఇంట్లో తిన్నదీ కావచ్చు. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు బ్యాగులో పెట్టుకోండి. మలంలో రక్తం, తగ్గని జ్వరం, నీళ్లు కూడా నిలవని వాంతులు ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఎలర్జీ ఉంది, లేదా కొన్ని పదార్థాలు తినను. ఎలా చెప్పాలి?

‘నేను ఫలానాది తినను’ అంటే చాలాచోట్ల అది ఇష్టాయిష్టాల సంగతిగా వింటారు, పైపైన తీసేసి ఇస్తారు. ఎలర్జీ అయితే ‘ఇది కొంచెం తగిలినా నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తుంది’ అని స్థానిక భాషలో రాయించి దగ్గర పెట్టుకోండి. భాష తెలిసిన మనిషి చేత ఒకసారి సరిచూయించండి, యాప్ అనువాదం మీద ప్రాణం పెట్టకండి. ఆ కాగితం సర్వర్‌కి కాదు, వండే మనిషికి చూపించమనండి.

అడిగేటప్పుడు ‘ఇందులో వేరుశనగ ఉందా’ అంటే లేదనే జవాబు తేలిగ్గా వస్తుంది. ‘ఇందులో ఏమేం వేస్తారు? ఏ నూనె? అదే నూనెలో ఇంకేం వేయిస్తారు?’ అని అడిగితే నిజం తెలుస్తుంది. మాంసం తిననివాళ్లూ ఇలాగే అడగాలి. చాలా వంటల్లో ముక్కలు కనపడకపోయినా మాంసం ఉడికించిన నీళ్లో, చేపతో చేసిన సాసో, జంతువుల కొవ్వో ఉంటుంది. ప్యాకెట్ల మీది హెచ్చరికలూ దేశాన్ని బట్టి మారతాయి. ఐరోపా సమాఖ్య నిబంధనల్లో ఎలర్జీ పదార్థాలు 14 ఉంటే అమెరికా చట్టంలో 9 ఉన్నాయి, నువ్వులు అక్కడ 2023లోనే చేరాయి. ఎలర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లు రద్దీ లేని వేళకి వెళ్లడం మంచిది, వంటమనిషికి వినే తీరిక ఉంటుంది. సమాధానం తడబడితే అక్కడ తినకండి.

ఏం ఆర్డర్ చేయాలి?

పక్క బల్ల మీద ఎక్కువమంది ఏం తింటున్నారో అది. ఎక్కువ అమ్ముడయ్యేది త్వరగా అయిపోతుంది, కాబట్టి తాజాగా ఉంటుంది. సర్వర్‌ని ‘ఏది బాగుంటుంది’ అంటే ‘అన్నీ బాగుంటాయి’ అంటాడు. ‘ఇవాళ మొదట ఏది అయిపోతుంది?’ అని అడగండి. మొదటి విడతలో తక్కువ చెప్పుకోండి, నచ్చితే మళ్లీ చెప్పొచ్చు.

ధరలు రాసి లేవు. మోసపోతానేమో?

తినకముందే అడగండి, అందులో నామోషీ ఏమీ లేదు. కూర్చోగానే అడక్కుండా బల్ల మీద పెట్టేవి ఉచితమో కాదో కూడా అప్పుడే కనుక్కోండి. తూకం లెక్కన అమ్మేవాటికి ‘ఇంత బరువుకి ఇంత’ అని కాకుండా ‘నాకు ఇచ్చేదానికి మొత్తం ఎంతవుతుంది’ అని అడగాలి. చిన్నచోట్ల కార్డు తీసుకోకపోవచ్చు, సిగ్నల్ లేక ఫోన్ చెల్లింపూ ఆగిపోవచ్చు. ఒక పూటకి సరిపడా చిల్లర జేబులో ఉంచుకోండి.

ఒంటరిగా వెళ్తున్నాను. ఆడవాళ్లకి ఇబ్బంది ఉండదా?

పగటి భోజనానికి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. ఆఫీసుల చుట్టుపక్కల ఒంటరిగా తినేవాళ్లు చాలామంది ఉంటారు. రాత్రికి మాత్రం కుటుంబాలు కూర్చున్నవి, ఇంట్లో ఆడవాళ్లే గల్లాపెట్టె దగ్గరో వంట దగ్గరో ఉండి నడిపేవి చూసుకోవడం నయం. మద్యం అమ్మే చోటో కాదో ముందే తెలుసుకోండి. తిరిగి వెళ్లే దారిని పగలే ఒకసారి నడిచి చూడండి. మార్కెట్లో కూరగాయలమ్మే పెద్దావిడని ‘అమ్మా, రాత్రి పూట నేనొక్కదాన్నే తినాలి, ఎక్కడైతే బాగుంటుంది’ అని అడిగితే ఆమె చెప్పే పేరు మీద ఆధారపడొచ్చు. ఆ ప్రశ్నని ఆమె తన కూతురు అడిగినట్టే వింటుంది.

చిన్నపిల్లలు, పెద్దవయసువాళ్లు వెంట ఉంటే?

ఇరుకు సందులో నిలబడి తినే చోటికి వాళ్లని తీసుకెళ్లకండి, అక్కడి తిండిని పార్సిల్ తెచ్చి పెట్టండి. మంచి చోటు దొరికిందన్న ఉత్సాహంలో మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన్ని అరగంట నిలబెట్టడం నాకు నచ్చని పని. మరుగుదొడ్డి ఉందా, మెట్లెన్ని, కారం తగ్గించి చేస్తారా అన్నవి ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

గదికే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పోలా?

అలసిపోయిన రాత్రి తెప్పించుకోండి, తప్పులేదు. కానీ యాప్‌లో ఉన్నవన్నీ కూర్చుని తినే హోటళ్లు కావు. ఒకే వంటగది మూడు నాలుగు పేర్లతో అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది. చిరునామా మ్యాప్‌లో పెట్టి చూడండి, అక్కడ నిజంగా హోటల్ ఉందో లేదో తెలుస్తుంది. ఊళ్లో పేరున్న పాత హోటళ్లు చాలావరకు యాప్‌లో చేరవు, వాళ్ల వంట వచ్చేవాళ్లకే సరిపోతుంది. పార్సిల్ తెచ్చిన అబ్బాయిని మాత్రం ఊరికే పంపకండి, ‘తమ్ముడూ, నువ్వు రోజూ ఎన్నో హోటళ్ల ముందు నిలబడతావు కదా, నువ్వు ఎక్కడ తింటావు?’ అని అడగండి.

నాకు ఒక్క పూటే ఉంది. ఏం చేయాలి?

మధ్యాహ్నం భోజనానికి పెట్టుకోండి. చిన్న ఊళ్లో ఎక్కువ హోటళ్లు తమ మంచి వంటంతా ఆ పూటే చూపిస్తాయి. బండి దిగగానే కనపడిన ఇద్దర్ని విడివిడిగా అడగండి. ఇద్దరూ ఒకే పేరు చెప్తే నేరుగా వెళ్లిపోండి. వేరు వేరు పేర్లు చెప్తే దగ్గరగా ఉన్నదానికి వెళ్లండి. ఉన్న ఒక్క గంటనీ ఫోన్లో రివ్యూలు చదవడానికి ఖర్చుపెట్టకండి.

తిండి బాగా నచ్చింది. రివ్యూ రాయాలా?

రాయండి, చిన్న హోటల్‌కి అది నిజమైన సాయం. ‘అద్భుతం’ అని వదిలేయకుండా మీ తర్వాత వచ్చేవాళ్లకి పనికొచ్చేలా రాయండి. ఏ రోజు, ఏ వేళకి వెళ్లారు, ఏం తిన్నారు, ఏది వేడిగా ఉంది, ఏది అయిపోయింది, ఎంతసేపు ఆగారు, మెట్లు ఉన్నాయా, కార్డు తీసుకున్నారా. ఒక లోపం ఉంటే అదీ రాయండి. బోర్డు మీది సెలవు రోజు, వేళలు మ్యాప్‌లో తప్పుగా ఉంటే సరిచేయమని సూచన పంపండి. యజమానిని అడిగి, ఇష్టమైతేనే కొత్తగా మ్యాప్‌లో చేర్చండి. రోజూ వచ్చేవాళ్లకి సరిపడా మాత్రమే వండే చోట్లున్నాయి, హఠాత్తుగా జనం పెరిగితే తట్టుకోలేమని వాళ్లే చెప్తారు. వంటమనిషి ముఖం, ఇంటి చిరునామా ఫొటోల్లో పెట్టేముందు కూడా అడగండి. వీలుంటే లేచేముందు వంటగది గుమ్మం దగ్గరికి వెళ్లి, ఏది బాగుందో పేరు పెట్టి ఆ మనిషికే చెప్పండి.